నూకయ్య బండి మీద మాట్లాడే డబ్బా

కళింగపట్నం బీచికి ఆదివారం సాయంత్రం వచ్చేవాళ్ళలో సగం మంది సముద్రం కోసం వస్తే, మిగతా సగం మంది తన ముంత మసాలా కోసం వస్తారని నూకయ్య చెబుతాడు. సముద్రాన్ని అడిగే వీలు లేదు కాబట్టి ఆ లెక్క ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

నూకయ్యకు నలభై ఎనిమిదేళ్ళు. ఐదో ఏట తట్టు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. రెప్పలు కూడా లోపలికి అతుక్కుపోయాయి. వాళ్ళది వేటకు వెళ్ళే కుటుంబం. తండ్రీ అన్నలూ తెప్పలు వేసుకుని సముద్రంలోకి వెళ్తే, ఇతను ఒడ్డున కూర్చుని వలల చిరుగులు వేళ్ళతో వెతికి కుట్టేవాడు. పెళ్ళయ్యాక ఆ కూలి చాలక బండి పెట్టాడు. భార్య గున్నమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని గార, శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్ముకొస్తుంది.

ముంత మసాలా అంటే మరమరాలు, వేయించిన వేరుశనగ గుళ్ళు, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, పైన నిమ్మరసం. అన్నీ ఒక ముంతలో వేసి గరిటెతో టకటకా కలిపి కాగితం పొట్లంలో పోస్తారు. ఉల్లిపాయలు నూకయ్య తరిగినంత వేగంగా, సన్నగా ఆ బీచిలో ఇంకెవరూ తరగలేరు. కొత్తవాళ్ళు భయపడిపోయి "జాగ్రత్త, వేలు తెగుతుంది" అని అరుస్తారు.

"కళ్ళున్నోలికే తెగుతాది బాబూ," అంటాడు నూకయ్య కత్తి ఆపకుండా. "ఉల్లిపాయ కోస్తే నీళ్ళొచ్చి సూపు ఆనదు గదా. నాకా ఇబ్బంది నేదు."

ఇతన్ని ఇబ్బంది పెట్టింది కత్తి కాదు, డబ్బు.

పాత నోట్లు పొడుగూ పొట్టీ ఉండేవి. చూపుడువేలి మీద వేసి కొలిస్తే ఏది ఎంతో తెలిసిపోయేది. నోట్ల రద్దు తర్వాత వచ్చిన కొత్తవన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. వందకీ రెండు వందలకీ తేడా బియ్యపు గింజంత కూడా లేదు. అందుకని నూకయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరైనా నోటు ఇస్తే, ఇచ్చినవాణ్ణి అడగడు. దాన్ని పైకెత్తి వెనకాల నిలబడ్డవాణ్ణి అడుగుతాడు, "ఇదెంత నోటు బాబూ?" అని. ఇచ్చినవాడు నొచ్చుకుంటే, "నీ మీద అనుమానం కాదు నాయినా, కోర్టులో కూడా సాచ్చి వేరేవోడే ఉంతాడు గదా" అంటాడు.

బిళ్ళలంటే మాత్రం అతనికి ప్రాణం. మా వైపు పది రూపాయల బిళ్ళ ఇస్తే దుకాణాలవాళ్ళు పామును చూసినట్టు చూస్తారు, చెల్లదని తిప్పి ఇచ్చేస్తారు. నూకయ్య ఎన్నిచ్చినా తీసుకుంటాడు. "నోటు మూగది. బిళ్ళ మాటాడతాది" అని బండి చెక్క మీద టంగుమనిపించి మరీ డబ్బాలో వేసుకుంటాడు. ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని పది రూపాయల బిళ్ళలన్నీ చివరికి అతని బండి దగ్గరికే చేరేవి.

కొన్నాళ్ళకు నోటూ బిళ్ళా రెండూ కనబడ్డం మానేశాయి.

"తాతా, స్కానర్ ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ బళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళు.

"నేదు నాయినా."

"మరి మా దగ్గర క్యాష్ లేదు."

ఈ మాట ముందే చెబితే బాగుండేది. మసాలా కలిపి, నిమ్మకాయ పిండి, పొట్లం చేతికందించాక చెప్పేవారు. పొట్లం మళ్ళీ నూకయ్య చేతిలోనే మిగిలేది. ఒక ఆదివారం అలా మిగిలిన నాలుగు పొట్లాలు తనే తిని ఇంటికెళ్ళాడు.

"నా సేతి మసాలా ఇంత బాగుంతాదని నాకు తెల్దే," అన్నాడు గున్నమ్మతో. "రోజూ నలుగురు డబ్బుల్నేనోలు వొస్తే బాగున్ను."

గున్నమ్మ నవ్వకుండా అన్నం గిన్నె దించింది.

పక్క బండి హరిబాబుది. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతాడు. అతనికి స్కానర్ ఉంది, డబ్బు పడగానే ఎంత పడిందో గట్టిగా చెప్పే డబ్బా కూడా ఉంది. "నా దాని మీద కొట్టించు బావా, సాయంత్రం నోట్లు నీ సేతిలో ఎడతాను" అన్నాడు. నూకయ్య ఒప్పుకున్నాడు. నెల రోజులు బాగానే నడిచింది. ఒక సాయంత్రం హరిబాబు మూడు వందలు తెచ్చి చేతిలో పెట్టాడు.

"బావా," అన్నాడు నూకయ్య, "నీ డబ్బా ఇయ్యాల నాకోసం పదకొండుసార్లు అరిసినాది. ఎనిమిదిసార్లు ముప్పై, మూడుసార్లు అరవై."

"అందులో నా పొత్తులయి కూడా ఉన్నాయి గదా! నీకెలా తెల్సు?"

"నీ పొత్తు ఇరవై. దాన్ని ముప్పైకి కొనే ఎర్రోడు ఇంకా పుట్టనేదు. అరవై కొట్టినోలు నా దగ్గిర రెండేసి పొట్లాలు కట్టించుకున్నారు. నాకు నాలుగొందలిరవై రావాల. లెక్క కూడా నీకు తగ్గట్టే కుదిరినాది సూడు."

బండ్ల దగ్గర నిలబడ్డవాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. హరిబాబు మిగతా నూట ఇరవై తీసిచ్చాడు గానీ, మర్నాటి నుంచి వందకు పది రూపాయలు కమీషన్ అన్నాడు. డబ్బా ఊరికే అరవదట, దానికీ నెలనెలా అద్దె కట్టాలట. ఆ పూటే నూకయ్య తన సొంత స్కానర్ తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నాడు.

ఆ వారంలోనే ఉమాశంకర్ అనే కుర్ర ఉద్యోగి బీచికి వచ్చాడు. బండ్లకూ దుకాణాలకూ స్కానర్లు పెట్టించడం అతని పని. నెలకు ఇన్నని పెట్టించకపోతే కంపెనీ ఊరుకోదు. నూకయ్య పిలిచి మరీ అడిగేసరికి ఎగిరి గంతేశాడు. ఆధార్ నంబరు కొట్టాడు, పేరు కొట్టాడు, ఫోను నూకయ్య ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"మనిషి నిజంగా ఎదురుగా ఉన్నాడో, ఫొటో పెట్టి మోసం చేస్తున్నారో ఇది చూసుకుంటుందండి. ఒక్క నిమిషం. కళ్ళు ఒకసారి ఆర్పండి," అన్నాడు తెర మీద వచ్చింది వచ్చినట్టు చదువుతూ.

నూకయ్య కాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టాడు.

"ముందు ఎలిగించండి బాబూ, తరవాత ఆర్పుతాను."

ఉమాశంకర్‌కు అప్పుడు గానీ తను అడిగిందేమిటో అర్థం కాలేదు. ముఖం ఎర్రబడిపోయింది. "సారీ అండి, సారీ" అన్నాడు. ఫోను మాత్రం సారీ చెప్పలేదు. కళ్ళు ఆర్పండి, కళ్ళు ఆర్పండి అని అదే పాట. మూడుసార్లు చూసి, సమయం అయిపోయింది, మొదటి నుంచి మొదలుపెట్టండి అంది.

ఇంతలో ఖాళీ గంపతో గున్నమ్మ వచ్చింది. హరిబాబుకు ఒక ఉపాయం తట్టింది. గున్నమ్మ దగ్గరున్న కాటుక తీసుకుని నూకయ్య రెప్పల మీద రెండు పెద్ద కళ్ళు గీశాడు. కళ్ళు మరీ పెద్దవి అయ్యాయి. చూసినవాళ్ళు జాతరలో పెట్టిన బొమ్మలా ఉన్నాడన్నారు. ఫోను కూడా చాలాసేపు చూసింది. చూసి, "కళ్ళజోడు తీసి మళ్ళీ ప్రయత్నించండి" అంది.

"తీసీరా బావా కళ్ళజోడు," అన్నాడు నూకయ్య. "బాగా బరువుగా ఉన్నాది."

నవ్వులు తగ్గాక ఉమాశంకర్ మెల్లగా అన్నాడు. "ఇదంతా ఎందుకండీ? మీ ఆవిడ పేరు మీద పెట్టేద్దాం. రెండు నిమిషాల పని."

"ఎట్టీ మావా," అంది గున్నమ్మ. "నీ డబ్బులు నేనేటి తినీస్తానేటి?"

"నువ్వు తినవే. అదే నా బయ్యం. తినకుండా దాసీస్తావు."

ఆ మాటకు కూడా అందరూ నవ్వారు. ఉమాశంకర్ మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. బండి తోసుకుంటూ ఇద్దరూ ఇంటికి వెళ్తుంటే, దారిలో నూకయ్య అసలు మాట చెప్పాడు.

"ఇల్లు అన్నియ్య పేరున ఉన్నాది. పడవలో వాటా తమ్ముడి పేరున ఉన్నాది. పింఛనీ ఒక్కటే నా పేరున వొస్తాది, అదీ కళ్ళు నేవని రాసిస్తే వొస్తాది. నేను సేసిన పనికి నా పేరున ఒక రూపాయి రావాల గదే, గున్నా."

గున్నమ్మ మర్నాడు గంప ఎత్తలేదు. పొద్దున్నే మొగుణ్ణి బస్సెక్కించి శ్రీకాకుళం తీసుకెళ్ళింది.

పింఛను ఊళ్ళో చేతికే ఇచ్చేవారు కాబట్టి నూకయ్య అంతవరకూ బ్యాంకు మెట్టెక్కలేదు. లోపల ధనరాజు అనే ఉద్యోగి కూర్చున్నాడు. పేరుకు తగ్గట్టు బ్యాంకులోనే ఉద్యోగం దొరికిందని నూకయ్య తర్వాత చాలాసార్లు మెచ్చుకున్నాడు. అప్పుడు మాత్రం ధనరాజు ఇతని వైపు చూడకుండా గున్నమ్మను అడిగాడు.

"ఈయన పేరేంటమ్మా?"

"ఆయన్నే అడగండి బాబూ. సెవులు బాగానే ఉన్నాయి."

నూకయ్య తన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, బండి పేరున ఖాతా, స్కానర్, మాట్లాడే డబ్బా కావాలన్నాడు. ధనరాజు తల అడ్డంగా ఊపాడు. ఊపితే ఇతనికి తెలియదని గుర్తొచ్చి నోటితో కూడా చెప్పాడు.

"కుదరదండి. చూపు లేనివాళ్ళకి ఒక్కరి పేరు మీద ఇబ్బంది. మీ ఆవిడ్ని కూడా కలిపి తెరవండి."

"ఎందుకు కుదరదు బాబూ? నేను సంతకం సేస్తాను. సిన్నప్పుడు మేస్టారు సెయ్యట్టుకుని నా పేరు రాయడం నేర్పినారు."

"సంతకం చేస్తారు సరే. ఏ కాగితం మీద చేస్తున్నారో, అందులో ఏం రాసుందో మీకు తెలియదు కదా. రేపు ఎవరైనా మోసం చేస్తే? చదవకుండా సంతకం చేయడం ప్రమాదం కాదా?"

నూకయ్య కాస్త ముందుకు వంగాడు.

"బాబూ, నేనొచ్చి అరగంటైనాది. ఇందాకట్నించీ మీ దగ్గిర ఒకటే సవుండు ఇంటన్నాను. కాగితం తిప్పడం, గీకడం. తిప్పడం, గీకడం. మద్దిలో ఫోన్లో ఎవులితోనో కోడిపలావు గురించి మాటాడినారు. పద్నాలుగు సంతకాలెట్టినారు. అందులో ఎన్ని సదివినారు?"

వరసలో నిలబడ్డ జనం గొల్లుమన్నారు. ఒక ముసలి రైతయితే "పద్నాలుగేనా, నేను పదిహేను లెక్కెట్టినాను" అన్నాడు. ధనరాజు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఆ గోల విని లోపలి గదిలోంచి మేనేజరు అనూరాధ బయటికొచ్చింది. సంగతంతా విని, ధనరాజును ఏమీ అనకుండా, నూకయ్యకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూపు లేదని ఖాతా ఇవ్వకుండా ఉండడానికి మాకు వీల్లేదండి," అంది. "కళ్ళు ఆర్పే తంటా కూడా అక్కర్లేదు. మనిషి ఎదురుగా ఉన్నాడని ఫోను చెప్పకపోతే నేను చెబుతాను. కనబడుతున్నారుగా. కానీ ఒక్క షరతు. దరఖాస్తులో ఉన్నదంతా నేను చదువుతాను, మీరు వినాలి."

చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీకి నూకయ్య నిటారుగా కూర్చున్నాడు. రెండో పేజీకి గున్నమ్మ ఆవలించింది. నాలుగో పేజీ సగంలో నూకయ్య చెయ్యెత్తాడు.

"అమ్మా, ఒక్క మాట. ఇదంతా సదివి సంతకం సేసినోలు ఎవులైనా ఉన్నారేటి?"

అనూరాధ నవ్వాపుకోలేకపోయింది. "నా ఉద్యోగంలో మీరే మొదటివారు."

అగ్గిపెట్టె అంచును గీతలా ఆనించుకుని నూకయ్య సంతకం పెట్టాడు. కొంచెం ఎగుడుదిగుడుగా ఉంది గానీ, పేరు పూర్తిగా ఉంది.

తొమ్మిది రోజులకు డబ్బా వచ్చింది. స్కానర్ అట్ట బండికి తగిలించి, డబ్బా ఆన్ చేసి, సరిగ్గా పని చేస్తుందో లేదో చూడడానికి ఉమాశంకర్ తన ఫోనులోంచి ఒక్క రూపాయి కొట్టాడు. డబ్బాలో ఆడగొంతు పలికింది. "ఒక రూపాయి అందింది."

నూకయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇంకోసారి," అన్నాడు.

ఉమాశంకర్ ఇంకో రూపాయి కొట్టాడు.

"ఇంకోసారి."

ఏడు రూపాయలు అయ్యాక ఉమాశంకర్ దండం పెట్టి, మిగతావి జీతం వచ్చాక కొడతానన్నాడు. అతనికి ఆ రోజు రెండు పొట్లాలు ఊరికే దక్కాయి.

సముద్రపు హోరులో డబ్బా గొంతు సరిగ్గా వినబడకపోతే, నూకయ్య దాన్ని ఖాళీ రేకు డబ్బాలో పెట్టి బండి కింది అరలో ఉంచాడు. గొంతు ఖంగుమంటూ రెట్టింపు అయింది. పనిలో పనిగా గున్నమ్మకు నవ్వులాటకి ఒక సాకు దొరికింది. "రోజంతా దానితోనే ఊసులు. ఎవుర్తె అది?" అని బండి దగ్గర పదిమందిలో నిలదీసేది.

"ఉద్దోగస్తురాలే. నువ్వయితే ఎంతొచ్చిందని నన్నడుగుతావు. అది ఎంతొచ్చిందో నాకు సెప్తాది. అదే తేడా."

బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే దుర్గాభవాని అతనికి ఫోను నేర్పింది. తెర మీద వేలు పెడితే అక్కడేముందో ఫోను చదువుతుంది. మొదట్లో నెమ్మదిగా చదివించుకునేవాడు. రెండు నెలలయ్యేసరికి చేపల వేలంపాట పాడేవాడికన్నా వేగంగా చదివిస్తున్నాడు. పక్కనున్నవాళ్ళకు అది పిట్టలు కొట్టుకుంటున్నట్టు వినబడుతుంది. ఇతనికి ప్రతి ముక్కా తెలుస్తుంది. అలా ఎవరికీ తెలియకుండా డబ్బులు పంపడం, కరెంటు బిల్లు కట్టడం కూడా నేర్చేసుకున్నాడు.

ఆ ఏడాది కార్తీకమాసంలో జనం బాగా వచ్చారు. ఒక సాయంత్రం రెండు మోటారు సైకిళ్ళ మీద నలుగురు కుర్రాళ్ళు వచ్చి నాలుగు పొట్లాలు చెప్పారు. ఒకడు స్కానర్ ముందు ఫోను ఊపాడు. వెంటనే ఆడగొంతు పలికింది. "నూట ఇరవై రూపాయలు అందాయి."

గొంతు అదే. మాట అదే. కానీ అది నడుమెత్తు నుంచి వచ్చింది. రేకు ఖంగు లేదు. ఎవరి బండి దగ్గరో రికార్డు చేసుకొచ్చి జేబులోంచి వినిపించారని నూకయ్యకు ఆ క్షణమే అర్థమైంది. ఏమీ తెలియనట్టు నవ్వుతూ నాలుగు పొట్లాలూ కలిపాడు. పచ్చిమిర్చి గిన్నెలోకి చెయ్యి మాత్రం మామూలుకన్నా ఎక్కువసార్లు వెళ్ళింది. పొట్లాలు పట్టుకుని వాళ్ళు పది అడుగులు వేశారో లేదో కేకేశాడు.

"బాబూ! ఆగండాగండి! నూటిరవై కొట్టమంటే ఆరొందలిరవై కొట్టీసినారు. ఐదొందలు ఎక్కువొచ్చినాది. ఎవులిదో సెప్పండి, ఇచ్చీస్తాను. పరాయి సొమ్ము నాకొద్దు."

నలుగురూ ఆగిపోయారు. కాసేపు గుసగుసలు. తర్వాత ఒకడు వెనక్కొచ్చాడు.

"నాదే తాతా. చూసుకోలేదు."

ఇంకొకడు పరుగెత్తుకొచ్చాడు. "కాదు తాతా, కొట్టింది నేను!"

"ఇద్దరు కొట్టినారా? అయితే మరీ మంచిది," అన్నాడు నూకయ్య. "హరిబాబు బావా! కొంచెం ఇలా రా. ఈ బాబులిద్దరి ఫోన్లూ సూసి, ఎవులి దాంట్లోంచి ఆరొందలిరవై ఎల్లినాదో సెప్పు. నాకు కళ్ళు నేవు గదా."

హరిబాబు పొత్తు పక్కన పెట్టి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని మరీ వచ్చాడు. జనం మూగారు. ఒకడి ఫోనులో పొద్దున్న పెట్రోలుకు కొట్టింది తప్ప ఇంకేమీ లేదు. రెండోవాడు ఫోను ఛార్జింగ్ అయిపోయిందన్నాడు. అంతలో అదే ఫోను మోగింది. వాళ్ళమ్మ చేసింది.

"మాటాడు నాయినా," అన్నాడు నూకయ్య. "ఏం సేస్తన్నావని అడుగుతాది. సెప్పు."

కుర్రాడు ఫోను కట్ చేసి తలొంచుకున్నాడు. మూడోవాడెవడో గబగబా వచ్చి నిజంగానే నూట ఇరవై కొట్టాడు. కింది అరలోంచి ఖంగుమని గొంతు లేచింది.

"ఇదీ మా డబ్బా గొంతు," అన్నాడు నూకయ్య. "ఇందాకట్ది మీ జేబు గొంతు. ఎల్లండి బాబూ, తినండి. కారం తక్కువైతే వొచ్చి సెప్పండి."

కారం సంగతి వాళ్ళకు లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళాక తెలిసి ఉంటుంది. ఆ వైపు నుంచి కూల్‌డ్రింకుల దుకాణానికి పరుగెత్తిన అడుగులు నూకయ్య విన్నాడు. నాలుగు జతలు, లెక్క సరిపోయింది.

ఈ కథ ఊరంతా పాకింది. హరిబాబు అయితే పదిమందికి పది రకాలుగా చెప్పాడు. ప్రతిసారీ దొంగను పట్టింది తనే. కమీషన్ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

అన్ని రోజులూ ఇలా గెలుపులే కావు. వాయుగుండం పట్టినప్పుడు సిగ్నల్ పోయి డబ్బా మూగబోయేది. కొట్టామంటారు, డబ్బా పలకదు. అప్పుడు పాత రోజుల్లోలా పక్కవాణ్ణి సాక్ష్యం అడగాల్సిందే. ఆ రోజుల్లో నూకయ్య బండి తొందరగా కట్టేసి, ఎవరితోనూ వేళాకోళం ఆడకుండా ఇంటికెళ్ళి పడుకునేవాడు.

ఒక రోజు జగ్గమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇసకలో చేపలు ఎండబెట్టే పని. ఆమెది బటన్ల ఫోను. అందులో పచ్చ బటను నొక్కితే మాట్లాడవచ్చని, ఎర్రది నొక్కితే ఆగిపోతుందని, అంతే తెలుసు. మనవరాలు శైలజ విజయనగరంలో హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుతోంది. నెలనెలా దానికి ఐదు వందలు పంపాలి. ఇదివరకు ఊళ్ళో ఎవరో ఒకరు బస్సులో వెళ్తుంటే చేతికిచ్చి పంపేది. ఇప్పుడు పిల్లకు నోట్లిచ్చినా మెస్సువాళ్ళు తీసుకోవడం లేదు, ఫోనులోనే కొట్టమంటున్నారు. కొడుకు సోములుకు ఇచ్చి కొట్టమంటే, ఐదు వందలు బయల్దేరి రెండు వందలు చేరుతున్నాయి. మిగతా మూడు వందలు దారిలో బ్రాందీ షాపు దగ్గర దిగిపోతున్నాయి.

"ఒరే నూకా," అంది జగ్గమ్మ గొంతు తగ్గించి, "నేను నీకు బిళ్ళలిస్తే, నువ్వు ఆ ఫోన్లోంచి దానికి పంపగలవేటి?"

"బిళ్ళలైతే నాకు పండగే, అప్పా."

చీర కొంగులో మూటకట్టిన పది రూపాయల బిళ్ళలు యాభయ్యీ ఒక్కొక్కటిగా తడిమి, టంగుమనిపించి తీసుకున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని పిట్టలు కొట్టుకున్నట్టు ఏదో విన్నాడు. రెండు నిమిషాల్లో జగ్గమ్మ బటన్ల ఫోను మోగింది. పచ్చది నొక్కితే శైలజ. "వచ్చాయి నానమ్మా, ఐదు వందలూ వచ్చాయి" అంది. జగ్గమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుని, "ఐదొందలేనా? పూర్తిగానా?" అని మూడుసార్లు అడిగింది.

ఆ తర్వాత నుంచి ఆ వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకామె చీటీ డబ్బు కట్టించుకునేది. ఒకామె పుట్టింట్లో తల్లికి మందుల డబ్బు పంపించేది. ఇంట్లో సెల్లు మొగుడి చేతిలో ఉంటుంది, ఎంత పోయిందో మెసేజీ కూడా అతనికే వస్తుంది. నూకయ్య దగ్గర ఆ గొడవ లేదు. కమీషన్ తీసుకోడు. ఇస్తామన్నా, "నాకు బిళ్ళల సంగీతం సాల్లే" అంటాడు. వాళ్ళు వెళ్ళిపోయాక గున్నమ్మ మాత్రం ఆ బిళ్ళలన్నీ ఎక్కడ మారుస్తావని గొణుగుతుంది. ఆ పని అనూరాధ మేనేజరుగా ఉన్న బ్యాంకులో ధనరాజుకు పడింది. మొదటి మూట చూడగానే అతను నిట్టూర్చాడట. లెక్కపెట్టకుండా తీసుకుంటే ప్రమాదం కాదా అని నూకయ్య అడిగేసరికి, నోరు మూసుకుని లెక్కపెట్టాడట.

సోములుకు అనుమానం రావడానికి నాలుగు నెలలు పట్టింది. పింఛను వచ్చిన మర్నాడు తల్లి కొంగులో ఏమీ దొరకక, చిందులు తొక్కుతూ బీచికి వచ్చాడు. బండి దగ్గర జనం ఉన్నారు.

"ఒరే నూకయ్యా! మా యమ్మ నీకు డబ్బులిచ్చినాదా నేదా, నిజం సెప్పు!"

"ఎవులు?" అన్నాడు నూకయ్య ఉల్లిపాయ తరుగుతూ.

"మా యమ్మ! జగ్గమ్మ!"

"నేను సూళ్ళేదురా సోములూ."

"ఇక్కడికి రానేదా?"

"సూళ్ళేదు."

"కూర్మనాదుడి మీద ఒట్టెయ్యి!"

నూకయ్య కత్తి పక్కన పెట్టి, తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "కూర్మనాదుడి మీద ఒట్టు. మీ యమ్మని నేను నా కళ్ళతో సూళ్ళేదు."

"ఓరి నీ! సూడ్డానికి నీకు కళ్ళెక్కడున్నాయిరా!"

"నేనూ అదే గదరా సెప్తన్నాను ఇందాకట్నించీ."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సోములు అటూ ఇటూ చూశాడు. చివరికి, వచ్చినందుకు ఉత్తి చేతులతో వెళ్ళడం ఎందుకనుకున్నాడో ఏమో, "సరే, ఒక పొట్లం కట్టు, నిమ్మకాయ గట్టిగా పిండు" అని స్కానర్ మీద ముప్పై కొట్టి, అలల వైపు నడిచి వెళ్ళిపోయాడు. బండికి అవతలి పక్క, మరమరాల బస్తా చాటున చతికిలబడి కూర్చున్న జగ్గమ్మ, నవ్వు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని, వాడు ఎంత దూరం పోయాడని నూకయ్య పంచె పట్టి లాగుతూ అడుగుతోంది.